ఏడు నెలల నీలం
పదకొండో వారం

మరిచిపోయినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. మరిచిపోదామన్నా మరుపు రానివాణ్ణి నేనొక్కణ్ణే కదా.

నా పేరు పెంచలనరసయ్య. ఉదయగిరిలో కాంపౌండర్ని. మా డాక్టరుగారు కాలం చేశాక ఆయన బీరువా, ఆయన సీసాలు, ఆయన కుర్చీ నా చేతికొచ్చాయి. డాక్టరు కుర్చీలో ఎవడు కూర్చున్నా జనం డాక్టరనే అంటారు. అనవద్దని నేను ఏనాడూ చెప్పలేదు. లాల్ బాషా నాకు గోచీలనాటి స్నేహితుడు. దుర్గం కొండ నుంచి నర్ది కర్ర తెచ్చి గరిటెలు, చెంచాలు చెక్కుతాడు. ఎనిమిదేళ్లుగా వాడికి చక్కెర జబ్బు. సూదిమందు వేసేది నేనే, మూత్రం కాచి చూసేది నేనే. పోయినవారం వాడి ముఖం ఉబ్బిపోయి, తిన్నది తిన్నట్టు వాంతి అవుతుంటే, వాడి పెండ్లాం జాన్‌బీ ఏడుపు చూడలేక ఆత్మకూరు తీసుకొచ్చి డాక్టర్ లిదియమ్మగారి ఆసుపత్రిలో చేర్చాను. ఆమె నెల్లూరులో వాడి రక్తం పరీక్ష చేయించింది. కాగితం వచ్చిందని కబురు అందగానే పొద్దున బస్సుకే బయల్దేరాను.

బయల్దేరేటప్పుడు మా ఇంటామె ఆదిశేషమ్మ ఎదురు రాలేదు. వంటింట్లోంచే "పోయి రాండి" అంది. ఇరవైఆరేళ్ల కాపురంలో నేను ఊరికి పోతుంటే ఆమె ఎదురు రాని రోజు లేదు. అయిదడుగులు నడిచే తీరిక కూడా లేకపోయిందా మహాతల్లికి అని గొణుక్కుంటూనే బస్సెక్కాను. ఆ కోపం ఆత్మకూరు చేరేదాకా తగ్గలేదు కూడా.

లిదియమ్మగారిది రెండు మంచాల చిన్న ఆసుపత్రి. ఆమెకు ముప్పైఅయిదేళ్లుంటాయి. గుంటూరు వైపు మనిషి, మాటలో నెమ్మది ఉంది గాని మొహమాటం లేదు. నన్ను కూర్చోమని, కాగితం నా వైపు తిప్పింది.

"రక్తంలో చక్కెర రెండువందల తొంభై. యూరియా నూటనలభై. యూరిక్ యాసిడ్ పదకొండు. చూడండి నరసయ్యగారూ."

నాకు మొదటి అంకె దగ్గరే చూపు ఆగిపోయింది. "తప్పు పడుండాదమ్మా. ఎవురి కాగితమో వచ్చినట్టుండాది. బాషాకి చక్కెర ల్యా. ఏడు నెలల్నించి నీలమే వస్తా ఉండాది. ఈ కళ్లతో చూసినాను."

నీలం సంగతి చెప్పాలి. గాజు గొట్టంలో కొంచెం నీలం మందు పోసి, ఎనిమిది బొట్ల మూత్రం వేసి, స్పిరిట్ దీపం మీద కాచాలి. చక్కెర బాగా ఉంటే ఇటుక రంగుకు తిరుగుతుంది. కాస్త ఉంటే ఆకుపచ్చ. ఏమీ లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. గొట్టం వేడెక్కి నా వేళ్లు కాలుతుంటే చూడలేక, దాన్ని పట్టుకోవడానికి బాషానే ఒక కర్ర పటకారు చెక్కి ఇచ్చాడు. ఏడేళ్లపాటు వాడి మూత్రం ఆ పటకారులోనే ఎర్రబడుతూ వచ్చింది. పోయిన ఆగస్టులో ఒకరోజు ఎంత కాచినా రంగు మారలేదు. మళ్లీ కాచాను. నీలమే. బాషా నన్ను కావలించుకుని గిరగిరా తిప్పాడు. మర్నాడే అనుమసముద్రంపేట దర్గాకు పోయి ఫాతెహా చదివించి, చక్కెర పంచి, తనూ ఒక చిటికెడు నోట్లో వేసుకున్నాడట. ఎనిమిదేళ్ల తర్వాత!

నేనేం తక్కువ తిన్నానా? కార్తీకంలో సూదిమందు మాన్పించేశాను. తడి ఇసుక కుండలో పెట్టుకునే ఆ సీసాను తీసి బీరువాలో పారేశాను. అదే కార్తీకంలో మా ఇంటామెకు కూడా నీలం వచ్చింది. ఆమెకూ నాలుగేళ్లుగా ఇదే జబ్బు. ఇక నన్ను పట్టేవాడు లేడు. బజార్లో నడుస్తుంటే భుజాలు వాటంతటవే వెనక్కి పోయేవి.

లిదియమ్మగారు నేను చెప్పిందంతా విన్నది. అడ్డం రాలేదు.

"ఇక్కడ చెరువు నిండితే ఏమవుతుంది?" అంది చివరికి.

"కలుజు పార్తాది. మిగులు నీళ్లు దాని మీంచి అవతలికి పోతాయి."

"కలుజుకు పూడిక పడి మూసుకుపోయిందనుకోండి. అవతల చుక్క నీరు కనపడదు. అవతల నిలబడి చూసేవాడు ఏమనుకుంటాడు?"

"చెరువులో నీళ్లు తగ్గినాయి అనుకుంటాడు."

"చెరువు?"

చెరువు నిండుతూనే ఉంటుంది. కట్ట తెగేదాకా నిండుతుంది. చెరువుల దేశంలో పుట్టి పెరిగినవాణ్ణి, ఇది నాకు ఇంకొకరు చెప్పాలా?

"ఆయన మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. చక్కెర మూత్రంలోకి దిగడం లేదు, రక్తంలోనే ఉండిపోతోంది. మీరు ఏడు నెలలు కలుజు అవతల నిలబడి చూశారు," అంది. ఆ అనడంలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

తర్వాత ఆమె మూడో అంకె మీద వేలు పెట్టింది. "బొటనవేలు వాచింది ఎప్పుడు?"

"పోయిన వానాకాలంలో."

"అంటే నీలం కంటే ముందే."

ముందే. బాషా పని చేసే తీరు మీరు చూడలేదు. నేలమీద కూర్చుని, కుడికాలి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య చెక్కను బిగించి పట్టుకుని, రెండు చేతులతో ఉలి నడుపుతాడు. వాడికి అది మూడో చెయ్యి. ఆ వేలు ఒకరోజు పొద్దున్నే లేచేసరికి ఎర్రగా వాచి, గుడ్డ తగిలినా అరిచేటట్టు అయింది. నలభై ఏళ్లు పట్టిన పట్టుకి వేలు అరిగిందిలేరా అన్నాను. తలనొప్పికీ ఒళ్లునొప్పులకీ ఇచ్చే తెల్లమందు పొట్లాలు ఇచ్చాను. మొదట రోజుకు రెండు. తర్వాత నాలుగు.

"యూరిక్ యాసిడ్ అనేది ఒంట్లో తయారయ్యే ఒక ఆమ్లం," అంది లిదియమ్మగారు. "మూత్రపిండాలు దాన్ని బయటికి పంపాలి. అవి నీరసిస్తే రక్తంలో పేరుకుని, సన్న సూదుల్లా అయి కీళ్లలో దిగుతుంది. ముందు బొటనవేలిలోనే. చక్కెర జబ్బు ఉన్నవాడికి వేలు అలా వాచిందంటే మూత్రపిండాల సంగతి చూడాలి. ఆ పొట్లాలు కూడా వాటికి మంచివి కావని ఈమధ్య పత్రికల్లో రాస్తున్నారు. తిండి ఏం పెట్టమన్నారు?"

"అన్నం మానమన్నాను. వేట కలేజా, గుర్దా తినమన్నాను. దినామూ."

"ఆ ఆమ్లం ఎక్కువ పుట్టేది వాటినుంచే."

అన్నం చక్కెర పెంచుతుందని మా డాక్టరుగారు చెప్పగా విన్నది నిజం. గుర్దా తింటే మన గుర్దాకు, అంటే మూత్రపిండానికి, బలమని బాషా ఇంట్లో అనేవాళ్లు, నేను తలాడించాను. సగం విన్నమాటా సగం ఊహా కలిపి మందు నూరాను. వెయ్యిమందిని చంపినవాడు అర్ధవైద్యుడని మా నాయన వెటకారంగా అనేవాడు. నాకు ఈ ఒక్కడే చాలు.

"ఎన్నాళ్లమ్మా?" అన్నాను.

"ఏడాది అంటే ఎక్కువ చెప్పినట్టు. జాగ్రత్తగా చూసుకుంటే, సూదిమందు కొంచెం కొంచెంగా మళ్లీ మొదలుపెడితే. కాని ఆయన వేయించుకోవడం లేదు." ఆమె మొదటిసారి నా కళ్లలోకి సూటిగా చూసింది. "నాలుగు రోజులుగా చెప్తున్నాను. 'నాకు చక్కెర ల్యా, నరసయ్య నీలం చూపించినాడు' అంటాడు. నేనిచ్చిన మాత్రలు కూడా మీరొచ్చి చూసిందాకా మింగనని దిండు కింద పెట్టుకున్నాడు. నా మాట ఆయన వినడు. మీరే చెప్పాలి. ఇవాళే చెప్పాలి."

లేవబోతుంటే ఇంకొక మాట అంది. "గొట్టం చూశారు సరే. పొద్దున నిద్ర లేచాక ఆయన ముఖం చూశారా ఎప్పుడైనా? కళ్ల కింద వాపు ముందు అక్కడే కనపడుతుంది."

మనసు ఎటో పోబోయింది. లాక్కొచ్చుకున్నాను. ముందు బాషా సంగతి చూడాలి అనుకున్నాను. భయపడేవాడికి పని ఒక సాకు.

వెనక గదిలో బాషా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. జాన్‌బీ తాటాకు విసనకర్రతో విసురుతోంది. వాడి మోకాళ్ల మధ్య ఒక చెక్కముక్క, చేతిలో చిన్న ఉలి. కాలికి గుడ్డ చుట్టి ఉంది. ముఖం పిండి పూసినట్టు తెల్లగా, పొంగి ఉంది. ఇది నాకు ఇన్నాళ్లూ ఎందుకు కనపడలేదు?

"రారా డాక్టరా!" అన్నాడు. "ఈ ఊళ్లో టీ బాగుండాది గాని చెంచాలే బాగలేవు. ఒకటి చెక్కి ఇస్తామని చూస్తా ఉండాను. వేలు పట్టు దొరకడంల్యా, మోకాలితో పడతా ఉండాను. ఏందిరా అట్టా నిలబడినావు? కాగితం వచ్చిందంటనే. నీలమేనా?"

కాగితం రాలేదని చెప్పేద్దామనిపించింది. దాచడమెందుకు, అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. వాడి దిండు కింద మాత్రల కాగితం అంచు కనపడుతోంది. అది చూశాక ఆ అబద్ధం మింగేశాను.

"కాదురా," అన్నాను.

"కాదా? మరేంది, పచ్చనా?"

"బాషా, నీకు చక్కెర తగ్గలేదు. ఒక్కరోజు గూడా తగ్గలేదు. మూత్రపిండాలు చెడి మూత్రంలో కనపడకుండా పోయిందంతే. నేను చూసి చెప్పిందంతా తప్పు. సూదిమందు ఆపింది తప్పు. పొట్లాలు ఇచ్చింది తప్పు. కలేజా తినమనింది తప్పు. వేలు వాచినప్పుడే నిన్ను ఈడికి తీసుకొచ్చి ఉండాల్సింది. నాకు తెలీదని చెప్పేదానికి సిగ్గయింది."

విసనకర్ర ఆగిపోయింది.

"ఏమంటా ఉండావన్నా?" అంది జాన్‌బీ. లేచి నా ఎదురుగా నిలబడింది. నెమ్మదస్తురాలు, నా ముందు గొంతు పెంచిన మనిషి కాదు. "ఏమంటా ఉండావు? నువ్వు చెప్పినావనేగదా నోటికాడ ముద్ద లాక్కున్నాను! పండగనాడు పిలకాయలందరూ బువ్వ తింటా ఉంటే ఈయన పళ్లెంలో కలేజా ఏసినాను. ఒక్క ముద్ద పెట్టవే జాన్‌బీ అని అడిగినాడన్నా. అన్న తిడతాడని పెట్టలేదు. నా చేత్తో, నా ఈ చేత్తోనే గదా వండి వండి పెట్టినాను!"

"నీ తప్పేం ల్యామ్మా."

"నువ్వు చెప్పబాక నాది తప్పో కాదో!" అని ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ఆమె కాళ్లమీద పడదామనుకున్నాను. పడితే నాకు తేలికవుతుంది గాని ఆమెకు ఏం ఒరుగుతుంది? అట్లాగే నిలబడ్డాను.

బాషా ఉలిని పక్కన పెట్టాడు. చెక్కమీది పొట్టును ఊదాడు. వాడు తిడతాడని, చెంప పగలగొడతాడని ఎదురు చూశాను.

"తెలిసి చేసినావా?" అన్నాడు.

"లేదురా."

"మరింకేంది? నువ్వు తెలీక చేసినావు, నేను తెలీక ఊరంతా టముకేసినాను. ఎంతకాలం అంటాది డాక్టరమ్మ?"

"ఏడాది లోపలే."

వాడి ముఖం ఒక్క క్షణం చిన్నపిల్లవాడి ముఖమైపోయింది. పెదవి కొరుక్కుని సర్దుకున్నాడు. "ఈ వేలు మళ్లీ కర్ర పట్టుకుంటాదా?"

"నొప్పి తగ్గేదానికి మందుండాదంట. సూదిమందు గూడా మొదలుపెడితే..."

"అయితే నువ్వే ఏయి. నీ చేత్తోనే ఏయి. ఎనిమిదేళ్ల అలవాటు, ఇంకొకరు ఏస్తే నాకు నొప్పి." చొక్కా చెయ్యి పైకి లాక్కున్నాడు. దిండు కింద మాత్రలు తీసి జాన్‌బీ చేతికిచ్చి నీళ్లు తెమ్మన్నాడు.

వాడు నన్ను తన్ని ఉంటే ఆ దెబ్బ రెండు రోజుల్లో మానేది. లిదియమ్మగారు కొలిచి ఇచ్చిన మందు వాడి చేతికి ఎక్కిస్తుంటే నా కళ్లకు సూది ఆనలేదు. ఏడుస్తున్నానని నాకే సిగ్గేసి, తల తిప్పుకుని దూది వెతికాను.

నీళ్లు తాగి, మాత్ర మింగి, వాడు కాసేపు కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకుని నేను లేవబోయాను.

"నరసయ్యా! నన్ను చూసి నీకాడికి వచ్చినోళ్లు ఉండారు గదరా. మాలకొండయ్య ఉండాడు. రోశమ్మ ఉండాది. వాళ్లకి ఏం రంగు వస్తా ఉండాది?"

"మాలకొండయ్యకి ఎరుపు. నిన్నగూడా తిట్టినాను, నోరు కట్టుకోవడంల్యా అని. రోశమ్మకి ఆకుపచ్చ." ఎరుపు అనే మాటను నా జన్మలో అంత సంతోషంగా ఎప్పుడూ పలకలేదు. వాళ్ల మూత్రపిండాలు ఇంకా పని చేస్తున్నాయి. ఇద్దరినీ రేపే లిదియమ్మగారి దగ్గరికి పంపుతాను. మళ్లీ ఆ గొట్టం నా చేత్తో పట్టను.

"నీలం ఎవురికీ రాలా?"

నేను సూది, దూది సర్దడం మొదలుపెట్టాను.

ఇందాక లాక్కొచ్చుకున్న మనసు మళ్లీ అక్కడికే పోయింది. కార్తీకం. తులసికోట దగ్గర దీపం. గొట్టం తీసుకుపోయి ఆ దీపం వెలుగులో ఆమెకు చూపించాను, చూడవే నీలం, ఇక సూది పోట్లు లేవు నీకు అని. ఆదిశేషమ్మ నవ్వింది. "మీ చేతి చలవ" అంది. ఆ తర్వాత అయిదు నెలలు నీలమే.

"వచ్చింది," అన్నాను. "మా ఇంట్లో."

బాషా జాన్‌బీ వైపు చూశాడు. జాన్‌బీ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. వాళ్లిద్దరికీ తెలిసి నాకు తెలియనిది ఏదో ఉంది.

"ఏందిరా? ఏంది, చెప్పరా!"

"చెప్పకూడదని ఒట్టేయించుకున్నాదన్నా," అంది జాన్‌బీ.

"ఒట్టు సంగతి నేను అల్లాకు చెప్పుకుంటాలే," అన్నాడు బాషా. "నరసయ్యా, మాఘంలో ఒకరోజు నువ్వు వింజమూరు పోయినావు చూడు, ఆరోజు ఆదిశేషమ్మ మా ఇంటికొచ్చినాది. చేతికర్ర ఒకటి చెక్కి ఇయ్యన్నా అనింది. ఇంటికాడ నేను ఆఖరున చెక్కింది అదే. మోకాళ్ల మధ్య పెట్టుకుని చెక్కినాను. పొట్టిగా ఉండాలనింది."

"పొట్టిగా ఎందుకు?"

"బియ్యం బాన ఎనకాల దాచేదానికి. నువ్వు ఇంట్లో లేనప్పుడు పట్టుకుని నడస్తాదంట. నీ బీరువాలో పొట్లాలు గూడా తీసుకుని మింగతా ఉండాది, నొప్పి తట్టుకోలేక. ఆయనకు చెప్పుకోమ్మా అంటే వినలేదు. 'నీలం చూసి మురిసిపోతా ఉండాడన్నా, ఈ కాలు సంగతి చెప్తే ముఖం చిన్నబుచ్చుకుంటాడు, చెప్పబాక' అనింది."

పొద్దున వాకిలిదాకా రాలేదని తిట్టుకున్నాను. ఆత్మకూరు చేరేదాకా తిట్టుకున్నాను.

బయట ఉదయగిరి బస్సు హారను కొడుతోంది. సంచీ ఎక్కడ పెట్టానో తెలియలేదు. వాకిట్లోకి పోయి మళ్లీ వెనక్కి వచ్చాను. ఒక్కటి అడగాలి. ఒక్కటి తెలిస్తే కొంత ధైర్యంగా బస్సెక్కగలను. ఒక్క వేలే అయితే, ఒక్క కాలే అయితే, ఇంకా ఆలస్యం కాలేదేమో.

"ఏ కాలురా బాషా?"

బాషా గోడ వదిలి ముందుకు వంగాడు.

"రెండు కాళ్లూ," అన్నాడు. "ముఖం గూడా ఉబ్బి ఉండాది నరసయ్యా. దినామూ ఎదురుగా కూర్చుని అన్నం పెడతాదే. నువ్వు చూళ్లేదా?"